మోటరు ఆన్ కాగానే బోర్డు ఎందుకు రీసెట్ అవుతుంది? నాయిజ్‌ను ఒక్కొక్క మెట్టుగా పట్టుకునే పద్ధతి

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది ఒక్కటే సమస్య. కోడ్ కరెక్టే, వైరింగ్ కరెక్టే, టేబుల్ మీద పెడితే అంతా మంచిగ నడుస్తది. మోటరు తగిలించగానే మాత్రం బోర్డు రీసెట్, ఎల్‌సీడీ మీద పిచ్చి అక్షరాలు, సెన్సర్ రీడింగ్ ఎటో పోతది. కామెంట్లలో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే.

రఘునాథపల్లి దగ్గర ఒక ఊరి నుంచి డిప్లొమా చదివే తమ్ముడు ఒకాయన వీడియో పంపిండు. వాళ్ల నాయిన రాత్రి పూట బాయి కాడికి పోవుడు తప్పాలని, ఫోన్ చేస్తే బోరు మోటరు ఆన్ అయ్యేలా ఒక డబ్బా తయారు చేసుకుండు. ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక సిమ్ మాడ్యూల్, రెండు రిలేలు, ఒక ఎల్‌సీడీ. ఇంట్లో వందసార్లు పరీక్ష చేస్తే వందసార్లు పనిచేసిందట. బాయి కాడ స్టార్టర్ డబ్బాకు కలపంగనే కథ మారింది. స్టార్టర్ "టక్" మనంగనే బోర్డు రీసెట్. ఒకసారైతే ఎవరూ ఫోన్ చేయకుండానే మోటరు ఆన్ అయ్యింది. ఆ టైంకు వాళ్ల నాయిన స్టార్టర్ పక్కనే నిలబడి ఉన్నడు.

అందుకే ఇది మార్కుల కోసం చేసే ప్రాజెక్టు ముచ్చట మాత్రమే కాదు. త్రీ ఫేజ్ కరెంటు దగ్గర తనంతట తనే ఆన్ అయ్యే రిలే ప్రాణాల మీదికి తెస్తది. కాబట్టి ముందే ఒక మాట. స్టార్టర్ డబ్బా మూత తీసే పని, అందులో వైరు కలిపే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, అది కూడా ఫ్యూజులు తీసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసినాకనే. ఇవాళ మనం చేసే పరీక్షలన్నీ 5 వోల్టుల వైపు, 12 వోల్టుల వైపు చేసేవే.

మూడు ప్రశ్నలు

నాయిజ్ అంటే ఏదో మాయ కాదు. అక్కర్లేని కరెంటు, అక్కర్లేని చోటికి పోవుడు, అంతే. ఎక్కడ చూసినా మూడు విషయాలు ఉంటయి. పుట్టే చోటు ఒకటి, ప్రయాణం చేసే దారి ఒకటి, దెబ్బ తినే చోటు ఒకటి. పెండ్లిలో డీజే పెట్టిండ్రనుకోండి, మీకు నిద్ర పట్టడం లేదు. సౌండ్ తగ్గించమని అడగొచ్చు, కిటికీ మూసుకోవచ్చు, చెవిలో దూది పెట్టుకోవచ్చు. మూడింటిలో మొదటిది అన్నిటికన్న బలంగా పనిచేస్తది. మన సర్క్యూట్‌లో కూడా అంతే. పుట్టిన చోటే ఆపితే సగం పని అయిపోయినట్టే.

సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోళ్లకు ఒక అలవాటు ఉంటది. ఏది ఆగినా కోడ్‌లోనే వెతుకుతరు. నాయిజ్ సమస్యకు కోడ్‌లో డిలే పెంచితే తప్పు కనబడకుండా దాక్కుంటది గానీ పోదు. ముందు వైర్లు, తర్వాత కోడ్.

పుట్టే చోటు ఒకటి: నిప్పు రవ్వలు

బొమ్మ కార్లలో, రోబోల్లో వాడే చిన్న డీసీ మోటరు లోపల బ్రష్‌లు ఉంటయి. తిరిగే కమ్యుటేటర్ మీద ఇవి రాసుకుంటూ కరెంటు ఇస్తయి. ఒక గీత నుంచి ఇంకో గీతకు మారిన ప్రతిసారీ సన్నటి నిప్పు రవ్వ లేస్తది. మోటరు వెనక సందులోంచి చీకట్లో చూస్తే కొన్నిట్ల నీలం రంగులో కనబడతది కూడా.

ఆ రవ్వకు అంత బలం ఉంటదా అని అనుకోవచ్చు. హైన్రిచ్ హెర్ట్జ్ రేడియో తరంగాలను మొదటిసారి ప్రయోగంలో చూపించింది నిప్పు రవ్వతోనే, 1880ల చివర్లో. తర్వాత చాలా ఏండ్ల పాటు వైర్లెస్ టెలిగ్రాఫ్ నడిచింది కూడా రవ్వలు పుట్టించే ట్రాన్స్‌మిటర్లతోనే. అంటే మీ బ్రష్ మోటరు ఒక చిన్న రేడియో స్టేషన్ అన్నమాట, మోటరుకు పోయే వైర్లు దాని ఏంటెనా.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే తీయండి. ఏఎం మీద పెట్టి, ఏ స్టేషనూ లేని చోట ఆపి, మోటరు దగ్గరికి తీసుకురండి. గరగర వినబడతది. దూరం జరిపితే తగ్గుతది. ఆసిలోస్కోపు కొనే స్తోమత లేనోళ్లకు నాయిజ్‌ను చూపించే సాధనం ఇదే. మందు పెట్టినాక గరగర తగ్గిందా లేదా అని కూడా దీనితోనే పరీక్షించొచ్చు.

మందు ఏంటంటే, 104 అని రాసి ఉండే చిన్న సెరామిక్ కెపాసిటర్. 104 అంటే 0.1 మైక్రోఫారడ్. రూపాయో రెండ్రూపాయలో ఉంటది. మోటరు రెండు కాళ్ల మధ్య ఒకటి, ఒక్కో కాలి నుంచి మోటరు ఇనుప ఒంటికి ఒక్కొక్కటి, మొత్తం మూడు. ఇవి బ్రెడ్‌బోర్డు మీద పెడితే లాభం లేదు, మోటరు కాళ్ల మీదనే సోల్డర్ చేయాలి. ఎందుకంటే రవ్వ నుంచి వచ్చే కరెంటు వైరెక్కకముందే దానికి దగ్గర దారి చూపించాలి. వైరెక్కినాక ఏంటెనా పని మొదలైపోతది.

తర్వాత, మోటరు రెండు వైర్లను జడలాగ మెలేయండి. పోయే కరెంటు, వచ్చే కరెంటు పక్కపక్కనే ఎదురెదురుగ ఉంటే వాటి ప్రభావం ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటది. కొత్త వైరు కొనుడు ఎందుకు, పాత ల్యాన్ కేబుల్ చీరితే లోపల మెలేసిన జతలు నాలుగు దొరుకుతయి. సెన్సర్ల వైర్లకు అవి మంచిగ పనికొస్తయి.

పుట్టే చోటు రెండు: కాయిల్ తిరుగుబాటు

రిలే గానీ, కాంటాక్టర్ గానీ, మోటరు గానీ, లోపల ఉండేది కాయిలే. కాయిల్‌కు ఒక గుణం ఉంది. కరెంటు పారుతుంటే దాన్ని ఒక్కసారిగ ఆపనివ్వదు. వేగంగ ఉరికే బండికి సడన్ బ్రేక్ వేస్తే వెనక కూర్చున్నోడు ముందుకు పడ్డట్టు, కరెంటు కట్ చేయంగనే కాయిల్ తన వోల్టేజ్‌ను పెంచి దారి కోసం తోస్తది. 12 వోల్టుల రిలే కాయిల్ కూడా ఆ క్షణంలో వంద వోల్టులు దాటించగలదు. ఆ దెబ్బ ట్రాన్సిస్టర్‌ను చంపొచ్చు, లేదా బోర్డును రీసెట్ చేయొచ్చు.

దీనికి మందు డయోడ్. కాయిల్‌కు అడ్డంగ, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా పెట్టాలి. మామూలు రిలేకు 1ఎన్ 4007 సరిపోతది. పీడబ్ల్యూఎంతో వేగం మార్చే డీసీ మోటరుకు మాత్రం అది నిదానం, షాట్కీ డయోడ్ వాడండి, 1ఎన్ 5819 లాంటిది, మీ మోటరు కరెంటును తట్టుకునేది. ఎల్298ఎన్ వాడేటోళ్లకు ఒక మాట. ఆ చిప్ లోపల ఈ డయోడ్‌లు ఉండవు. బజార్లో దొరికే ఎర్ర మాడ్యూల్ మీద ఎనిమిది డయోడ్‌లు బయట పెట్టి ఇస్తరు. వట్టి చిప్ కొని సొంత బోర్డు చేసుకునేటోళ్లు అవి మరిచిపోవద్దు.

ఇక స్టార్టర్‌లో ఉండే కాంటాక్టర్ సంగతి వేరు. దాని కాయిల్ ఏసీ మీద నడుస్తది. మన దగ్గర వ్యవసాయ మోటర్ల స్టార్టర్లలో చాలావరకు న్యూట్రల్ అక్కర్లేకుండా రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద పనిచేసే కాయిల్ ఉంటది. దాని మీద డయోడ్ పెట్టొద్దు. ఏసీ సగం సైకిల్‌లో డయోడ్ నేరుగ షార్ట్ అయితది. అక్కడ కావలసింది రెసిస్టర్, కెపాసిటర్ కలిపిన స్నబ్బర్. ఇంట్లో పాత ఫ్యాన్ కెపాసిటర్ పీకి పెట్టుడు లాంటి పనులు చేయొద్దు. 275 వోల్టులని రాసి ఉన్న కెపాసిటర్ 415 వోల్టులకు ఆగదు, పేలుతది. ఆ కాయిల్ వోల్టేజ్‌కు సరిపోయే సర్జ్ సప్రెసర్ అని కాంటాక్టర్ కంపెనీలే తయారుగ అమ్ముతయి. అది తెచ్చి ఎలక్ట్రీషియన్‌తో బిగించుకోండి.

అసలు నాయిజే కాదు: వోల్టేజ్ కుంగుడు

నాయిజ్ అనుకునే కేసుల్లో చాలా వాటిల్లో అసలు దొంగ పవర్ సప్లై. బోరు మోటరు ఆన్ కాంగనే ఇంట్లో బల్బు ఒక్క క్షణం గుడ్డిగ అయితది, చూసే ఉంటరు. మీ బోర్డుకు కూడా అదే అయితుంది, కాకపోతే కంటికి కనబడదు.

ఆగి ఉన్న మోటరు మొదలయ్యేటప్పుడు, నడిచేటప్పటికన్న చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతది. రోబో కార్లకు వాడే పసుపు రంగు గేర్ మోటరునే తీసుకోండి. ఖాళీగ తిరిగితే పావు ఆంపియర్ కూడా తీసుకోదు. చక్రం ఇరుక్కుంటే లేదా అప్పుడే కదులుతుంటే ఒక ఆంపియర్ దాకా పోతది. దానికి మీరిచ్చేది స్మోక్ అలారంలో వేసే 9 వోల్టుల చదరం బ్యాటరీ. ఆ బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ, అంత కరెంటు అడిగితే దాని వోల్టేజ్ కూలబడతది. ఆర్డుయినో ఊనో యూఎస్‌బీ మీద నడుస్తుంటే దానిలో 500 మిల్లీ ఆంపియర్ల దగ్గర అడ్డుపడే ఫ్యూజ్ ఒకటి ఉంటది. సర్వో మోటర్లను బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచే నడిపేటోళ్లకు ఇది తెలియాలి.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. ఊనోలో ఉండే ఏటీమెగా328పి చిప్, వోల్టేజ్ 2.7 దాకా పడితేనే రీసెట్ అయ్యేలా సెట్ చేసి ఉంటది. కానీ 16 మెగాహెర్ట్జ్ వేగంతో ఆ చిప్ నమ్మకంగ నడవాలంటే దాదాపు 3.8 వోల్టులు ఉండాలి. అంటే 2.7కు, 3.8కి మధ్య ఒక ప్రమాదపు జాగా ఉంది. అక్కడ చిప్ రీసెట్ కాదు, సరిగ్గా నడవదు. లెక్కలు తప్పొచ్చు, పిన్నులు ఎటైనా మారొచ్చు. "రీసెట్ ఐతలేదు, కానీ పిచ్చి పిచ్చిగా చేస్తుంది" అని రాసేటోళ్లలో కొందరి బోర్డు ఉన్నది ఈ జాగాలోనే.

ఈఎస్పీ32 అయితే ఇంకా ఆకలి ఎక్కువ. దాని సప్లై కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలగాలని తయారు చేసిన కంపెనీయే చెబుతది, ఎందుకంటే వైఫై పంపేటప్పుడు కరెంటు ఒక్కసారి ఎగురుతది. సీరియల్ మానిటర్‌లో బ్రౌన్ అవుట్ డిటెక్టర్ అనే మెసేజ్ కనబడితే ఇక అనుమానమే వద్దు, వోల్టేజ్ కుంగింది.

అన్నిటికన్న తిండిపోతు సిమ్800ఎల్ మాడ్యూల్. ఇది 2జీ మీద పనిచేస్తది. అందుకే జియో సిమ్ వేస్తే పలకదు. టవర్‌తో మాట్లాడేటప్పుడు ఇది సెకనుకు 217 సార్లు, ఒక్కోసారి అర మిల్లీ సెకను కన్న కాస్త ఎక్కువసేపు, 2 ఆంపియర్ల దాకా గుంజుతది. పాత ఫోన్లకు కాల్ వచ్చే ముందు స్పీకర్లో "డిగ్ డిగ్ డిగ్" మని మోత వచ్చేది కదా, ఆ మోత ఈ 217దే. దీని వోల్టేజ్ 3.4 నుంచి 4.4 మధ్యనే ఉండాలి.

కెపాసిటర్ పెడితే సరిపోదా అంటే, లెక్క చూద్దాం. ఒక ఆంపియర్‌ను ఒక మిల్లీ సెకను పాటు ఇచ్చి, వోల్టేజ్ ఒక వోల్టు మాత్రమే పడాలంటే 1000 మైక్రోఫారడ్ కావాలి. సిమ్ మాడ్యూల్‌కు 2 ఆంపియర్లు, 0.58 మిల్లీ సెకను, 0.3 వోల్టు కన్న ఎక్కువ పడొద్దు అనుకుంటే, కెపాసిటర్ ఒక్కటే మోయాలంటే దాదాపు 3900 మైక్రోఫారడ్. అందుకే భారమంతా కెపాసిటర్ మీద వేయొద్దు. 2 ఆంపియర్లు నిజంగ ఇవ్వగలిగే కన్వర్టర్, దానికి తోడు మాడ్యూల్ పిన్నుల పక్కనే ఒక 1000 మైక్రోఫారడ్, ఒక 104. పెద్ద కెపాసిటర్ నిదానంగ వచ్చే కుంగుడును ఆపుతది, చిన్నది వేగంగ వచ్చే స్పైక్‌ను ఆపుతది. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

దారి: గ్రౌండ్ వైరు

కొత్తోళ్లు గ్రౌండ్ అంటే ఎక్కడైనా సున్నా వోల్టులే అనుకుంటరు. వైరుకు కూడా రెసిస్టెన్స్ ఉంటది. సన్నటి జంపర్ వైరు, వదులుగ ఉన్న బ్రెడ్‌బోర్డు రంధ్రం, రెండూ కలిసి 0.1 ఓమ్ అనుకుందాం. దాంట్లోంచి మోటరు కరెంటు ఒక ఆంపియర్ పోతే అక్కడ 100 మిల్లీ వోల్టులు పుడతయి. ఊనోలో అనలాగ్ ఇన్‌పుట్ 5 వోల్టులను 1024 మెట్లుగ చూస్తది, ఒక్క మెట్టు దాదాపు 4.9 మిల్లీ వోల్టులు. అంటే మీ సెన్సర్ రీడింగ్ ఊరికే 20 మెట్లు జరిగిపోతది. మోటరు ఆగితే మళ్లీ సరిగ్గా చూపిస్తది. సెన్సర్ ఖరాబైందని కొత్తది కొంటరు, అది కూడా అట్లనే చూపిస్తది.

మందు సులువు. మోటరు డ్రైవర్ గ్రౌండ్, బోర్డు గ్రౌండ్, సెన్సర్ గ్రౌండ్ ఒకదాని తోక ఇంకోదానికి కట్టకుండ, ఒక్కొక్కటి విడిగ తెచ్చి పవర్ సప్లై మైనస్ దగ్గర ఒక్కచోట కలపండి. కాలువ నుంచి ప్రతి మడికి వేరే బోదె తీసినట్టు. అప్పుడు మోటరు కరెంటు తన బోదెలో తను పోతది, సెన్సర్ బోదెలోకి రాదు. మోటరు వైర్లు లావుగ, పొట్టిగ ఉండాలి.

రిలే మాడ్యూల్ కొన్నోళ్లకు ఇంకొకటి. ఆప్టోకప్లర్ ఉంది కాబట్టి ఐసోలేషన్ ఉంది అనుకుంటరు. నీలం రిలేలు ఉండే చాలా మాడ్యూళ్ల మీద జేడీ వీసీసీ అనే చోట ఒక చిన్న జంపర్ ఉంటది. అది పెట్టి ఉన్నంతసేపు రిలే కాయిల్, మీ బోర్డు రెండూ ఒకే సప్లై తాగుతయి. ఆప్టోకప్లర్ ఉన్నా వేరు చేసిందేమీ లేదు. జంపర్ తీసి, కాయిల్ వైపు వేరే 5 వోల్టుల సప్లై ఇచ్చి, దాని గ్రౌండ్ మన బోర్డుకు కలపకుండ ఉంచితేనే నిజమైన ఐసోలేషన్.

దెబ్బ తినే చోటు: గాలిలో వేలాడే పిన్ను

ఇన్‌పుట్ పిన్నుకు ఏ వైపూ గట్టిగ కట్టకపోతే అది గాలిలో వేలాడినట్టే, ఏ చిన్న నాయిజ్ వచ్చినా అటూ ఇటూ ఊగుతది. చిప్ లోపలి పులప్ రెసిస్టర్ 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటది. టేబుల్ మీద జానెడు వైరుకు అది చాలు. బాయి కాడ పది మీటర్ల వైరు మోటరు కేబుల్ పక్కనే పోతుంటే చాలదు. బయట 4.7 కిలో ఓమ్, అవసరమైతే 1 కిలో ఓమ్ పెట్టండి. దానికి తోడు పిన్ను ముందు 10 కిలో ఓమ్ రెసిస్టర్, పిన్ను నుంచి గ్రౌండ్‌కు ఒక 104 కెపాసిటర్. రెండూ కలిస్తే ఒక మిల్లీ సెకను ఫిల్టర్. అంతకన్న చాలా చిన్నగ వచ్చే స్పైక్ లోపలికి పోలేదు. స్విచ్‌కు, నీటి మట్టం సెన్సర్‌కు ఇది బాగుంటది. వేగంగ లెక్కపెట్టే ఎన్‌కోడర్‌కు మాత్రం కెపాసిటర్ విలువ తగ్గించుకోవాలి, లేకపోతే అసలు సిగ్నల్ కూడా ఆగిపోతది.

తప్పు లెక్క ఎంత నష్టమో మన పక్క నుంచే ఉదాహరణ చెప్తా. రఘునాథపల్లి నుంచి హైదరాబాద్ దిక్కు పోతుంటే జనగామ దాటినాక ఆలేరు వస్తది. ఆ ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేసి 2017లో పద్మశ్రీ అందుకున్నరు. చీరెకు ఆసు పోయాలంటే వాళ్ల అమ్మ దారం పట్టుకుని చేతిని వేల సార్లు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. ఆ కష్టం చూడలేక, చిన్నప్పుడే బడి మానేసిన ఆయన 1999లో మోటరుతో నడిచే యంత్రాన్ని నిలబెట్టిండు. తర్వాత దానికి ఎలక్ట్రానిక్స్, మైక్రోకంట్రోలర్ కూడా చేర్చిండు.

ఇప్పుడు ఆలోచించండి. అలాంటి యంత్రంలో దారం ఎన్నిసార్లు తిరిగింది, ఏ మేకు దగ్గరికి పోవాలి అన్నదే ప్రాణం. మోటరు పక్కనే ఉన్న సెన్సర్ వైరులో ఒక నాయిజ్ స్పైక్ దూరి, ఒక తిప్పు ఎక్కువ లెక్కపెట్టిందనుకోండి. అక్కడి నుంచి ప్రతి పోగూ జరుగుతది, చీరె డిజైనే తప్పుతది. బోర్డు రీసెట్ అయితే కనీసం తెలుస్తది. తప్పు లెక్క చప్పుడు చేయదు. అందుకే ఇన్‌పుట్ ఫిల్టర్‌ను తర్వాత చూద్దాం అని వదిలేయొద్దు.

ఇప్పుడు పట్టుకునే పద్ధతి

అన్ని మందులూ ఒకేసారి వేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కసారికి ఒక్క మార్పు. ఈ వరుసలో పోండి.

1. బోర్డు ఆన్ అయినప్పుడు ఎల్‌ఈడీ మూడుసార్లు వేగంగ వెలిగేలా కోడ్ మొదట్లో రాయండి. ఇక ఎప్పుడు రీసెట్ అయినా కండ్లకు కనబడతది. ఎల్‌సీడీ మీద పిచ్చి అక్షరాలు వచ్చి ఎల్‌ఈడీ మాత్రం వెలగలేదంటే, బోర్డు బతికే ఉంది, దెబ్బ తిన్నది ఎల్‌సీడీ వైర్లు. ఈఎస్పీ32లో అయితే రీసెట్ కారణం చెప్పే ఫంక్షనే ఉంది, దాన్ని సీరియల్ మానిటర్‌లో ప్రింట్ చేయించండి.

2. మోటరు తీసేసి, కోడ్‌ను అట్లనే అరగంట నడపండి. అప్పుడు కూడా రీసెట్ అయితే అది నాయిజ్ కాదు, కోడ్‌నో వదులు వైరునో చూసుకోవాలి.

3. 12 వోల్టుల మోటరు జాగాలో బైక్ ఇండికేటర్ బల్బు పెట్టండి. ఎల్‌ఈడీది కాదు, లోపల తీగె ఉండేది. 10 వాట్ల బల్బు 0.8 ఆంపియర్ దాకా తీసుకుంటది, చల్లగ ఉన్నప్పుడు మోటరులాగే మొదట్లో ఎక్కువ గుంజుతది. కానీ రవ్వలు ఉండవు, కాయిల్ తిరుగుబాటు ఉండదు. బల్బుతో కూడా రీసెట్ అయితే తప్పు పవర్ సప్లైది. బల్బుతో నడిచి, మోటరుతో ఆగితే అది అసలైన నాయిజ్.

4. బోర్డును వేరే పవర్ బ్యాంకు మీద నడిపి, గ్రౌండ్ మాత్రం కలపండి. సమస్య పోతే సప్లై దారి నుంచి వస్తున్నట్టు. కొన్ని పవర్ బ్యాంకులు తక్కువ లోడ్ ఉంటే వాటంతట అవే ఆగిపోతయి, దాన్ని రీసెట్ అనుకోవద్దు.

5. రిలే ఉంటే, దాని కాంటాక్టులకు ఏమీ కలపకుండ వట్టిగ "టిక్ టిక్" మనిపించండి. అప్పుడే రీసెట్ అయితే రిలే కాయిల్, డయోడ్, సప్లై చూసుకోవాలి. చిన్న 5 వోల్టుల రిలే కాయిల్ కూడా 70 మిల్లీ ఆంపియర్ల పైనే తీసుకుంటది, ఊనో పిన్ను నుంచి 20 కన్న ఎక్కువ ఆశించొద్దు. నడుమ ట్రాన్సిస్టర్ ఉండాల్సిందే.

6. ఇది స్టార్టర్ కేసులకు. మన డబ్బాకు, స్టార్టర్‌కు మధ్య ఉన్న వైర్లు ఎలక్ట్రీషియన్‌తో తీయించి, డబ్బాను అదే జాగాలో ఆన్‌లో ఉంచండి. స్టార్టర్ మూత వేసి ఉండగా ఆకుపచ్చ బటన్ చేత్తో నొక్కండి. ఏ వైరూ కలపకపోయినా బోర్డు రీసెట్ అయితే, నాయిజ్ సప్లై నుంచో గాలిలో నుంచో వస్తున్నది. డబ్బాను దూరం జరపాలి, సప్లైకి ఫిల్టర్ చూసుకోవాలి. అప్పుడు మంచిగ నడిచి, వైర్లు కలిపితేనే ఆగితే, కాంటాక్టర్ కాయిల్ దెబ్బ మన రిలే వైర్ల మీదుగ వస్తున్నట్టు. దానికి మందు స్నబ్బర్.

మల్టీమీటర్‌తో చూస్తే 5 వోల్టులు స్థిరంగ చూపిస్తుంది కదా అని చాలామంది అంటరు. మల్టీమీటర్ సగటు చూపిస్తది. మిల్లీ సెకను పాటు పడి లేచిన వోల్టేజ్ దానికి కనబడదు. మీటర్ బాగుందన్నది సాక్ష్యం కాదు.

తమ్ముడి డబ్బాకు వస్తే

ఈ వరుసలో పోతే ఆ తమ్ముడి కేసులో రెండు విషయాలు బయటపడ్డయి. సిమ్ మాడ్యూల్, బోర్డు, రిలేలు మూడూ ఒకే చిన్న సప్లై మీద ఉన్నయి. ఇంకా, రిలేలకు పోయే వైర్లు త్రీ ఫేజ్ వైర్లతో కలిపి ఒకే టేపుతో చుట్టి ఉన్నయి. సిమ్‌కు వేరే కన్వర్టర్ పెట్టి, రిలే మాడ్యూల్ జంపర్ తీసి వేరే సప్లై ఇచ్చి, స్టార్టర్ కాయిల్‌కు సప్రెసర్ బిగించి, సన్న వైర్లను త్రీ ఫేజ్ నుంచి జానెడు దూరం జరిపి, దాటాల్సిన చోట అడ్డంగ దాటిస్తే రీసెట్లు ఆగినయ్.

కానీ నేను ఆయనకు చెప్పింది అంతటితో అయిపోలేదు. రీసెట్ అసలు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఉరుము పడొచ్చు, వోల్టేజ్ పడొచ్చు. కాబట్టి బోర్డు రీసెట్ అయిన క్షణంలో రిలే ఎటు ఉంటదన్నదే అసలు ప్రశ్న. ఈఎస్పీ32లో కొన్ని పిన్నులు బూట్ అయ్యేటప్పుడు వాటంతట అవే పైకి కిందికి ఆడతయి. రిలేకు అవి వాడొద్దు. లో ఇస్తే ఆన్ అయ్యే మాడ్యూల్ అయితే పిన్నును 10 కిలో ఓమ్‌తో పైకి కట్టండి, హై ఇస్తే ఆన్ అయ్యేదైతే కిందికి కట్టండి. చిప్ నిద్రలో ఉన్నా, బూట్ అవుతున్నా రిలే ఆఫ్‌లోనే ఉండాలి. కోడ్‌లో కూడా, రీసెట్ తర్వాత మోటరును తనంతట తానే ఆన్ చేసే లైను ఉండొద్దు.

మన రాష్ట్రంలో ఆటో స్టార్టర్ల ముచ్చట గుర్తుందా? కరెంటు ఎప్పుడొస్తదో తెలియని రోజుల్లో, రాంగనే మోటరు దానంతట అదే మొదలు కావాలని రైతులు అవి పెట్టుకున్నరు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆ ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే అడిగింది. అవి ఉంటే మోటర్లు అవసరం లేకున్నా నడుస్తనే ఉంటయి, భూమిలో నీళ్లు వట్టిగ పోతయి. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఒకేసారి పడతది. అన్నిటికన్న ముఖ్యంగ, కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టిన మనిషికి ప్రమాదం. నాయిజ్‌తో రీసెట్ అయ్యి తనంతట తానే ఆన్ అయ్యే మీ డబ్బా కూడా, మీకు తెలియకుండానే, ఒక ఆటో స్టార్టరే.

అందుకే డబ్బా మీద ఒక చేతి స్విచ్ పెట్టండి, దాని మీద పెద్ద అక్షరాలతో "ఫోన్" అని ఒక వైపు, "చెయ్యి" అని ఒక వైపు రాయండి. "చెయ్యి" వైపు ఉంటే మన రిలే వైర్లు స్టార్టర్ నుంచి పూర్తిగ తెగిపోవాలి, సాఫ్ట్‌వేర్‌లో కాదు, నిజంగ. అది కూడా నాయినకు చూపించి, ఆయనతోనే రెండు మూడుసార్లు తిప్పించండి. ఆ స్విచ్ ఉన్నా సరే, స్టార్టర్ మీద పని చేయాలంటే ఫ్యూజులు తీయాల్సిందే. ఓవర్‌లోడ్ రిలే, ఒక ఫేజ్ పోతే ఆపే ప్రివెంటర్ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, మన డబ్బా కోసం వాటిని పక్కన పెట్టుడు చేయొద్దు.

ఈ సామాన్లన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతయి, లేదంటే ఆన్‌లైన్‌లో. 104 కెపాసిటర్లు ఒక ఇరవై, 1000 మైక్రోఫారడ్‌వి నాలుగు, డయోడ్‌లు పది, 10 కిలో ఓమ్, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్లు కొన్ని తెచ్చి డబ్బాలో వేసి పెట్టుకోండి. కొత్త బోర్డు కొనేకన్న ముందు ఇవి వాడి చూడండి.

మీ ప్రాజెక్టు ఆగితే కామెంట్‌లో "పని చేస్తలేదు అన్నా" అని మాత్రమే రాయకండి. బల్బుతో నడిచిందా, మోటరుతో ఆగిందా, రీసెట్ అయిందా లేక రీడింగ్ మాత్రమే తప్పిందా, ఆ మూడు సంగతులు రాయండి. అవి రాయడానికి పరీక్ష చేస్తుంటేనే సగం మందికి జవాబు దొరుకుతది. మిగతా సగానికి మనం కలిసి వెతుకుదాం. ఉంట మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.